నా చేతిలో జారిపోయిన చేప

మా వియ్యంకుడు పోయాడని అల్లుడు ఫోన్ చేసినప్పుడు నేను మా వడమాలపేట బస్టాపులో టీ తాగుతున్నాను. "మామా, నాయన పోయినాడు. పొద్దున లేపితే లేయలా," అన్నాడు. గ్లాసు కింద పెట్టాను. మొదట వచ్చింది దుఃఖం కాదు, కోపం. ఆయనతో అనాల్సిన మాట ఒకటి నా దగ్గర సిద్ధంగా ఉంది. ఎన్నాళ్లుగానో నూరి పెట్టుకున్నాను. అది వినకుండానే వెళ్లిపోయాడు. ఏ తగాదాలోనైనా చివరి మాట తనదే కావాలన్న పంతం ఆయనకు మొదటినుంచీ ఉంది.

పోయినవాళ్లు మంచివాళ్లని రాయడం మర్యాద. ఈయన విషయంలో నాకు ఆ మర్యాద కొంచెం కష్టం. ఆయన గూడూరులో నిమ్మకాయల వ్యాపారి. ఇంట్లో మంచినీళ్లడిగినా మార్కెట్లో వేలం పాట పాడినట్టే ఉండేది. చేపల పులుసు లేని రోజును ఆయన రోజు కింద జమ కట్టేవాడు కాదు. మాదేమో శనివారం నీసు ముట్టని ఇల్లు. వెంకన్న నెల పెరటాసి వస్తే నెలంతా గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు.

పిల్లల పెళ్లైన మరుసటి రోజు వియ్యాలవారికి నీసు భోజనం పెట్టాలి. ఆ రోజు శనివారమైంది. నేను వంకాయ కూర పెట్టించాను. ఆయన ఆకు ముందు కూర్చుని, పందిరంతా వినేట్టు అడిగాడు.

"ఏం బావా, చేపలకు మీ ఊరి బస్సు దొరకలేదా?"

"శనివారం ఆ బస్సు మా ఊర్లో నిలబడదు బావా," అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆకు మడిచి లేచాడు. ఆ పూటతో మా మధ్య మాటలు ఆగిపోయాయి.

మనవరాలికి చెవులు కుట్టించే వయసు వచ్చాక నా కూతురు నన్ను వాకిట్లో నిలబెట్టి చెప్పింది. "నాయనా, మీరిద్దురూ మాట్లాడుకుంటేనే పిలిచేది. లేకుంటే ఇద్దుర్నీ పిలవను. ఏదో ఒక గుళ్లో మేమే కుట్టిచ్చుకుంటాం." అన్నంత పని చేస్తుంది. ఎవరి పోలికో ఆమె తల్లిని అడగండి. మనవరాలు నా కళ్లముందు కాకుండా ఎక్కడో చెవులు కుట్టించుకుని ఏడుస్తుందన్న ఊహే నాకు తట్టుకోవడం కష్టమైంది.

అల్లుడు ఒక ఉపాయం పన్నాడు. మమ్మల్నిద్దరినీ కారెక్కించి నీలగిరికి బయల్దేరాడు. ఊటీ అవతల గడ్డికొండల మీద నడవొచ్చు, లోయల్లో దిగి వాగుల్లో ట్రౌటు అనే చలినీళ్ల చేపను పట్టొచ్చు. కొండ నాకు, చేప తన తండ్రికి. లెక్క బాగానే ఉంది. కాకపోతే అతను సెలవు చూసుకున్నాడు గానీ నెల చూసుకోలేదు. అది పెరటాసి.

నేను నెలనెలా అలిపిరి నుంచి నడిచి కొండెక్కే మనిషిని. ఆ ధీమాతో ముందు నడిచాను. కాసేపటికే గడ్డిలో కూలబడ్డాను. ఆయన అద్దెకు తెచ్చుకున్న గాలం కర్ర భుజాన వేసుకుని నన్ను దాటిపోతూ ఆగాడు.

"మీ కొండకు మెట్లుండాయి, పైన రేకులుండాయి, దోవలో మిరపకాయ బజ్జీలుండాయి. అది కొండ కాదు బావా, మేడ!"

పెళ్లి తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది.

"గోవిందుడు ఇంటా ఉండాడు, జాగర్త."

"ఇననీ. ఆయనకు తెలీదా?"

వెనకాల అల్లుడి ముఖం వెలిగింది. తిట్లైతేనేం, మాటలే కదా.

లోయలో వాగు దగ్గర మాత్రం ఆయన వేరే మనిషి. తన నీడ నీళ్ల మీద పడకుండా వంగి నడిచాడు. ఆ గొంతు గుసగుసలాడగలదని నాకు అక్కడే తెలిసింది. "నడిసి పోయి పట్టిందే చేప. బుట్టలో ఇంటికొచ్చేది కూరగాయ," అనేవాడు. కానీ పొద్దు వాలేదాకా ఆయనకు ఒక్కటీ పడలేదు. అల్లుడు ఫోనుకు సిగ్నల్ వెతుక్కుంటూ గట్టు మీదికి వెళ్లాడు. ఈయన తలగుడ్డ సర్దుకోవడానికి కర్ర నా చేతికిచ్చాడు.

"పట్టుకో. ఏం చెయ్యబాక."

నేనేం చెయ్యలేదు. కర్ర వంగింది.

"తిప్పు! చక్రం తిప్పు బావా! నీ చేతులు పడిపోనూ, తిప్పు!"

తిప్పాను. చేప ఒడ్డుకొచ్చింది. ఒళ్లంతా మిరియాలు చల్లినట్టు చుక్కలు, పక్కన గులాబీ రంగు చార. "పెరటాసిలో... నా చేత్తో..." అన్నాను.

ఆయన చేతులు తడుపుకుని చేపను పట్టుకున్నాడు. నా ముఖం చూశాడు. చేపను చూశాడు. దాని కోసం గూడూరు నుంచి చింతపండు, కారం, వండే మట్టి దాక మోసుకొచ్చిన మనిషి. నన్ను, మా ఊరిని, మా శనివారాలను వరసపెట్టి తిట్టాడు. తిడుతూనే గాలపు ముల్లు ఊడదీసి, వంగి, రెండు చేతులూ నీళ్లలోకి దించి వేళ్లు విప్పాడు.

అల్లుడు దిగొచ్చేసరికి కథ మారిపోయింది. "మీ మామ చేతిలో జారిపోయిందిరా! కొంగకుండే తెలివి గూడా లేదు ఈ మనిషికి!" నేను నోరు తెరిచాను. ఆయన చూసిన చూపుకు మూసుకున్నాను. ఒక వడమాలపేటవాడి పట్టింపు కోసం చేతికొచ్చిన చేపను వదిలాడని తెలిస్తే, గూడూరు మార్కెట్లో ఆయన తలెత్తుకోలేడు.

చెవులు కుట్టే రోజు ఇద్దరమూ ఉన్నాం. మనవరాలు గుక్కపట్టి ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికి ఆయన ఆ కథే ఎత్తుకున్నాడు. తర్వాత ప్రతి పెళ్లిలో, ప్రతి గృహప్రవేశంలో అదే కథ. చెప్పినప్పుడల్లా చేప పెరిగింది. చివరికి మనవరాలంత అయింది. నాకు నిజంగానే మండేది. ఏదో ఒక రోజు అందరి ముందూ "వదిలింది నువ్వే గదా బావా" అని అనేయాలి. నేను నూరి పెట్టుకున్న మాట అదే.

గూడూరులో పెద్దకర్మకు మార్కెట్ జనమంతా వచ్చారు. భోజనాల దగ్గర ఆయన తమ్ముడు నన్ను పట్టుకున్నాడు. "ఏం బావా, అన్న చెప్పే ఆ చేప కత నువ్వన్నా చెప్పు. ఇంకెవురు చెప్తారు మాకు?"

అందరూ నా వైపు తిరిగారు. కాదనే మనిషి ఫోటోలో దండ వెనక ఉన్నాడు. ఇంతకన్నా మంచి అదను రాదు.

"చెప్పేదానికేముండాది?" అన్నాను. "నా చేతిలో నుంచే జారిపోయింది. కొంగకుండే తెలివి గూడా లేదు నాకు."

నవ్వారు. వియ్యపురాలు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నిజం ఇక్కడ రాసేశాను. గూడూరు నిమ్మకాయల మార్కెట్లో పుస్తకం తిరగేసే తీరిక ఎవరికీ ఉండదని నా ధైర్యం.

ఆ రోజు చేప వెంటనే పోలేదు. విప్పిన వేళ్ల మధ్య, నీళ్లకు ఎదురుగా, కాసేపు అలాగే నిలబడింది. అది కదిలేదాకా ఆయన చేతులు తియ్యలేదు. చలికి మణికట్ల దాకా ఎర్రబడిపోయినా, దాన్నీ నన్నూ కలిపి తిడుతూ, అలాగే వంగి ఉన్నాడు.