మోకాళ్ళు వంచి తీసిన కొలత

కోట్లమ్మ అని పేరే గానీ, ఆమెకున్న కోట్లన్నీ హ్యాంగర్లకు వేలాడేవే. అవి కూడా ఊళ్ళోవాళ్ళవి. ముప్పై ఏళ్ళుగా మగవాళ్ళ కోట్లు కుడుతోంది. వీధి వైపు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం. కిటికీ పక్కన కత్తిరించే బల్ల, దాని మీద గుడ్డ జారకుండా పెట్టే నాలుగు ఇనుప దిమ్మలు, మెడలో టేపు. ఆ టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. నిద్రలోనైనా తీస్తుందో లేదో అని కన్నకొడుకే వేళాకోళం చేస్తాడు.

నిజానికి ఆమెకు ఎందుకమ్మ అని పేరు పెట్టవలసింది. కుళాయి బాగుచేయడానికి వచ్చినతను ఆమె ప్రశ్నలకు జవాబులు చెప్పలేక, పానా అక్కడే మరిచిపోయి పారిపోయాడు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. మనుషుల గుట్టుమట్లు ఆమె ఎప్పుడూ కూపీ లాగదు. వస్తువుల సంగతే అడుగుతుంది. అందుకని ఆమె మీద ఎవరికీ కోపం నిలవదు.

కొడుకు బస్సు డ్రైవరు, వారంలో నాలుగు రోజులు ఇంటి పట్టున ఉండడు. కోడలు వీడియోలు తీస్తుంది. బడి వార్షికోత్సవాలు, దుకాణం ప్రారంభాలు, ఎవరైనా పిలిస్తే పెళ్ళిళ్ళు. కెమెరా ఎవరో వాడి అమ్మినది. లెన్సులు రెండూ దానికంటే ముసలివి. మేనమామ రీలు కెమెరాకు ఉన్నవాటిని ఊడదీసి, మధ్యలో ఒక రింగు పెట్టి, దీనికి తగిలించుకుంది. అత్తాకోడళ్ళకు తగువులు లేవు. అలాగని పెద్దగా మాటలూ లేవు. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదని ఇద్దరూ చెప్పుకోకుండానే ఒప్పందం చేసుకున్నారు.

ఆ సోమవారం కోడలు ఒక నీలం గుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆసుపత్రిలో చీటీలు రాసే కౌంటరులో ఉద్యోగం వచ్చిందట. వచ్చే సోమవారం చేరాలి, యూనిఫాం కోటు కుట్టిపెట్టమంది. గుడ్డ వాళ్ళే ఇచ్చారు. మనిషికి ఒక్క ముక్కే, పాడుచేస్తే ఇంకోటి ఇవ్వరు.

మరి కెమెరా ఏమవుతుందని కోట్లమ్మ అడిగింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. గుండీల ఫ్యాక్టరీ వాళ్ళు తమ పనంతా ఏడాది పొడవునా వీడియో తీయించుకోవాలనుకుంటున్నారు. శుక్రవారం పరీక్ష. గేటు దగ్గర మొదలుపెట్టి, గుండీ డబ్బాలోకి ఎక్కేదాకా, మూడు నిమిషాల పాటు ఎక్కడా ఆపకుండా ఒకే నడకలో తీసి చూపించాలి. బొమ్మ వణకకూడదు. అలాగని పట్టాల మీద బండి జారినట్టూ ఉండకూడదు. సినిమాలో లాగా, ఎవరో నడుస్తూ చూస్తున్నట్టుండాలి. వణుకును అణిచే మోటారు పరికరాలున్నవాళ్ళు వస్తారు. తనకు అది కొనే తాహతు లేదు. చేతుల్లో పట్టుకుంటే రెండో నిమిషానికే మణికట్టు లాగేస్తోంది. ఈ పని రాకపోతే కెమెరా అమ్మేసి కౌంటరులో కూర్చుంటానని, ఇంక దీని గురించి మాట్లాడేది లేదని కోడలు తేల్చి చెప్పింది. చెబుతున్నంతసేపూ గుడ్డ అంచునే సర్దుతూ ఉంది.

కోట్లమ్మకు దిగులు వేసింది. ఆ కెమెరా పట్టుకున్నప్పుడే ఈ పిల్ల మొహం వెలుగుతుందని ఆమె ఎప్పుడో కనిపెట్టింది, పైకి అనలేదంతే. నీలం గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూసింది. గట్టి గుడ్డ. మడిచి పై అరలో పెట్టేసింది.

"ఇంతకీ బొమ్మ ఎందుకు వణుకుతుందమ్మాయ్?" అంది.

ఆ ప్రశ్నతో ఒప్పందం కాస్తా గాలికి పోయింది. మంగళవారమంతా దుకాణంలో కోటు అన్నది కదల్లేదు. కోడలు రెండు లెన్సులూ తెచ్చి చూపించింది. దూరాన్ని దగ్గర చేసే లెన్సు చేతి వణుకునూ అంతే పెద్దది చేస్తుంది. వెడల్పుగా చూసే లెన్సు వణుకును చాలావరకు మింగేస్తుంది, కాకపోతే వస్తువుకు దగ్గరగా వెళ్ళాలి. కోట్లమ్మ ఒక్కో లెన్సులోంచి ఎదురింటి తలుపు గొళ్ళేన్ని చూసి, ఇది నిజమేనని ఒప్పుకుంది. నడుస్తూ నడుస్తూ లెన్సు తిప్పి బొమ్మ పదును, అంటే ఫోకసు, సరిచేసుకోవడం కష్టం కాబట్టి ఒక దూరానికి బిగించి, ఆ దూరం తప్పకుండా నడవాలంది కోడలు. ఎంత దూరమని అత్త అడిగింది. అయిదడుగులు. కోట్లమ్మ మెడలోంచి టేపు తీసి చేతిలో పెట్టింది. అది సరిగ్గా అయిదడుగులే. ఆమె ఆ టేపును ఇంకొకరి చేతికివ్వడం కోడలు చూడటం అదే మొదలు.

తర్వాత కోట్లమ్మ అంచుదాకా టీ పోసిన గ్లాసు పట్టుకుని వెనక గది నుంచి వీధి గుమ్మందాకా నడిచింది. చెయ్యి చాచి నడిస్తే ఒలికింది. మోచేతులు పక్కటెముకలకు ఆనించి నడిస్తే చుక్క పడలేదు. నాలుగుసార్లు నడిచి, నేలంతా టీ చేసి, చివరికి ఒక మాట పట్టుకుంది. బరువు చేతుల్లో ఉండకూడదు. కోటు బరువు మెడ మీద పడితే వేసుకున్నవాడు సాయంత్రానికి విసుక్కుంటాడు. భుజాల మీద పరుచుకుంటే కోటున్న సంగతే మరిచిపోతాడు. ఆమె ముప్పై ఏళ్ళ చదువు అదే.

పాత కుట్టు మిషను సొరుగు చెక్క కోడలి భుజం మీదికి వచ్చింది. ముందు కొసన కెమెరా. వెనక కొసన సరితూకానికి బల్ల మీది ఇనుప దిమ్మ ఒకటి. పట్టుకోవడానికి సైకిలు హ్యాండిలు. చెక్క కింద నుంచి ఒక కడ్డీ దిగి, నడుము పట్టీకి కుట్టిన గూటిలో కూర్చుంటుంది. చెక్కను భుజానికి అదిమి ఉంచడానికి దూది కూరిన కాన్వాసు చొక్కా. దానికి కోడల్ని నిలబెట్టి కొలతలు తీసి, బుధవారం మధ్యాహ్నానికల్లా కుట్టేసింది. ఆ చొక్కాలో కోడల్ని చూసి పక్కింటావిడ, యుద్ధానికా అని అడిగింది.

వీధి చివరిదాకా నడిచి వచ్చారు. లాప్‌టాప్‌లో పెట్టి చూస్తే, అడుగడుగుకీ బొమ్మ తల ఊపుతోంది. వట్టి చేతులతో తీసినదే నయం.

"పోనీలెండి అత్తయ్యా," అంది కోడలు, కట్లు విప్పుకుంటూ. "ఆ నీలం కోటు కుట్టేయండి."

కోట్లమ్మ కుట్టిన కోటు సరిపోలేదని వెనక్కి రావడం ఈ ముప్పై ఏళ్ళలో లేదు. ఆమెకు రోషం వచ్చింది, అదీ తన మీదే. కుట్లన్నీ తిప్పి చూసింది, గట్టిగానే ఉన్నాయి. కోడల్ని మళ్ళీ నిలబెట్టి కొలిచింది, వెంట్రుకవాసి తేడా లేదు. కొలత తప్పలేదు, కుట్టు తప్పలేదు, మరి తప్పెక్కడుంది? ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు. బాధ కంటే, తెలుసుకోవాలన్న దురదే ఎక్కువ.

గురువారం పొద్దున్నే కోడలి చేతికి వట్టి కెమెరా ఇచ్చి, చొక్కా లేకుండా నడవమంది. తను పక్కనే వంగి, ఆమె కాళ్ళూ నడుమూ చూస్తూ వీధంతా నడిచింది. ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి వింతగా చూశారు. మూలమలుపు దగ్గర కోట్లమ్మ ఉన్నట్టుండి నిలబడిపోయి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది.

దర్జీ ముందు నిలబడ్డవాడు ఎవడైనా సిపాయిలా బిగుసుకుంటాడు. పొట్ట లోపలికి లాగి, ఊపిరి బిగబడతాడు. నిటారుగా నిలబడండి అని ఆమే చెబుతుంది, ప్రతివాడికీ చెబుతుంది. కోడలికీ చెప్పింది, రెండుసార్లు. కానీ కెమెరా పట్టుకున్న కోడలు నిటారుగా ఎక్కడుంది? మోకాళ్ళు వంగాయి. నడుము నాలుగు వేళ్ళు కిందికి దిగింది. వీపు వెనక్కి వాలింది. నిలబడే మనిషికి కుట్టిన పట్టీ, ఆ వంపులో మడతపడి పైకి లేచి, కడ్డీని అడుగడుగుకీ ఎగదోస్తోంది. అదీ సంగతి.

"అలాగే ఉండు, నిటారు కాకు," అని వీధిలోనే టేపు తీసింది. మోకాళ్ళు వంచి, కెమెరా ఎత్తిన మనిషికి కొలతలు తీయడం ఆమె జన్మలో అదే మొదటిసారి. కోడలి తొడలు వణికిపోయాయి, అయినా మెదలలేదు.

కొత్త కొలతకు పట్టీ వెడల్పుగా, పొడుగ్గా కావాలి. కాన్వాసు అయిపోయింది. పెట్టెలో మిగిలినవన్నీ అస్తరు గుడ్డలు, దిమ్మ బరువుకు గంటలో పిగిలిపోతాయి. గుడ్డల కొట్టుకు ఆ రోజు సెలవు. కోట్లమ్మ పెట్టె మూసింది. కాసేపు బల్ల ముందు నిలబడింది. తర్వాత స్టూలెక్కి పై అరలోంచి నీలం గుడ్డ దించి పరిచింది. మూడు మూలల మీద మూడు దిమ్మలు పెట్టింది, నాలుగోది భుజం చెక్కకే ఉంది కాబట్టి నాలుగో మూలను మోచేత్తో అదిమింది. ఈ గుడ్డ కోస్తే సోమవారానికి యూనిఫాం లేదు. పనీ రాక, ఉద్యోగమూ పోతే, ఈ పిల్ల తనను జన్మలో క్షమించదు. అది తెలిసే కత్తెర వేసింది.

చప్పుడు విని కోడలు గుమ్మంలోకి వచ్చింది. అప్పటికే గుడ్డ అడ్డంగా రెండు ముక్కలై ఉంది.

"రేపు సరిగా రాకపోతే సోమవారం నేనేం వేసుకోను అత్తయ్యా?"

"రేపటి సంగతి రేపు చూద్దాం," అంది కోట్లమ్మ, తలెత్తకుండా. "ముందు వచ్చి మోకాళ్ళు వంచు. సూదులు గుచ్చాలి."

కోడలు వచ్చి మోకాళ్ళు వంచింది.

శుక్రవారం ఫ్యాక్టరీకి ఇద్దరూ వెళ్ళారు. మేనేజరు బక్కపల్చటి మనిషి, చెవి వెనక పెన్సిలు. పొద్దున్నే ఇద్దరిని చూశానని, ఇద్దరి దగ్గరా మోటారు పరికరాలున్నాయని చెప్పి, ఈ పెద్దావిడ ఎందుకని అడిగాడు. నడకలో చివరి భాగం వెనక్కి నడవాలి. గుండీల పళ్ళెం మోసుకొచ్చే పనివాడి ముందు, అతనికి అయిదడుగుల దూరంలో, పాతిక అడుగులు. వెనక ఎవరో ఒకరు పట్టీ పట్టుకుని దారి చూపకపోతే మెషీనుకు గుద్దుకోవడం ఖాయం. అందుకని అత్తయ్య వచ్చిందని కోడలు చెప్పింది.

కోట్లమ్మకు లోపలికి అడుగు పెట్టగానే ప్రాణం లేచొచ్చింది. జీవితంలో ఎన్ని వేల గుండీలు కుట్టిందో, అవి పుట్టే చోటు మాత్రం ఇప్పటిదాకా చూడలేదు. ఎడమ వైపు ఏదో గరగరమంటోంది. కుడి వైపు రాళ్ళ వాన కురిసినట్టు డ్రమ్ముల్లోంచి చప్పుడు. గుండీకి చిల్లులు ఎవరు వేస్తారు? నాలుగూ ఒకేసారి పడతాయా? మెరుపెలా వస్తుంది? తల తిప్పితే చాలు, అన్నీ కనిపిస్తాయి. ఆమె తిప్పలేదు. మూడు నిమిషాలూ కోడలి నడుము మీదున్న నీలం పట్టీనీ, కింద నేలనూ తప్ప ఇంకేమీ చూడలేదు. గుమ్మం దగ్గర రెండు వేళ్ళతో పట్టీని ఎడమకు లాగింది, కోడలు ఎడమకు తిరిగింది. మెట్టు దగ్గర నొక్కింది, కోడలు అడుగు తగ్గించింది. పట్టీ ఒక్కసారైనా పైకి లేవలేదు.

ఆఫీసు గదిలో బల్ల మీద లాప్‌టాప్ పెట్టి కోడలు వీడియో తిప్పింది. మేనేజరు నిలబడే చూడటం మొదలుపెట్టి, సగంలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గేటు, తలుపు, రేకుల్లోంచి బిళ్ళలు తెంపే యంత్రం, ఒక పనమ్మాయి చేతివేళ్ళు, డ్రమ్ములు, పళ్ళెం, పళ్ళెం వెనక పనివాడి నవ్వు. బొమ్మ ఊపిరి తీసుకుంటున్నట్టు మెల్లగా కదులుతోంది, ఎక్కడా అదరలేదు.

అయిపోయాక అతను చెవి వెనక పెన్సిలు తీసి, పొద్దున వచ్చినవాళ్ళ వీడియోల్లో తన ఫ్యాక్టరీ ఏదో అద్దాల పెట్టెలో ఉన్నట్టు కనిపించిందని, ఇందులో తను రోజూ నడిచే దారి కనిపించిందని అన్నాడు. వచ్చే నెల నుంచి పనిలోకి రమ్మన్నాడు.

కోడలు కళ్ళు తుడుచుకుంటూ అత్త వైపు తిరిగింది. కోట్లమ్మకు ఆ మాటలేవీ చెవిన పడలేదు. మెడలో టేపు బల్ల మీదికి జారుతుండగా, ఆగిపోయిన బొమ్మకు జానెడు దూరంలో ముక్కు పెట్టి వంగి ఉంది.

"మళ్ళీ మొదటినుంచి పెట్టమ్మాయ్," అంది. "ఇందాక వెనకే ఉన్నాను, నేనేమీ చూడలేదు."