మిలిటరీ సారు పీకిన వేరుశనగ

మిలిటరీ సారు సంతాప సభ ఆదివారం పదకొండు గంటలకని ఫోన్ వచ్చింది. నేను అనంతపురంలో నర్సును. డ్యూటీ మార్చుకుని, పొద్దున ఆరుంబావుకు కళ్యాణదుర్గం బస్సెక్కాను. ఆధార్ కార్డు చూసి కండక్టరు ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు ఇచ్చాడు.

హనుమంతప్ప సారు సైన్యంలో ఉండగా మోకాలికి తూటా తగిలి ఊరికి తిరిగొచ్చారు. తర్వాత టీచరు ట్రైనింగు చేసి, రిటైరయ్యేదాకా మా బళ్లోనే లెక్కలు చెప్పారు. నేను పదో తరగతిలో ఉండగా వేరుశనగ పీకే రోజులొచ్చాయి. కూలీలు దొరకలేదని నాయన నన్ను బడి మానిపించాడు. మర్నాడు తెల్లవారేసరికి సారు మా చేలో ఉన్నారు. మోకాలు వంగదు కాబట్టి కింద కూర్చుని, జరుగుతూ చెట్లు పీకుతున్నారు.

"పాప పని నేను చేస్తా. దాన్ని బడికి పంపప్పా" అన్నారు నాయనతో.

బడి వేళ దాకా పీకి, చేతులు కడుక్కుని వచ్చి పాఠం చెప్పేవారు. అలా పది రోజులు. సభలో ఇది చెప్పాలనే బయలుదేరాను.

ఎనిమిదికి కళ్యాణదుర్గం. బస్టాండు ఎదుట ఉగ్గాని, బజ్జీ తిన్నాను, నలభై రూపాయలు. కంబదూరు బస్సులో పక్కనున్న పెద్దాయన "యాడికి పోతాండావమ్మా?" అని అడిగాడు. చెప్పాను.

"ఆయప్ప నా కొడుకును చానా కొట్టినాడు" అన్నాడు. మళ్లీ తనే, "వాడిప్పుడు రైల్వేలో ఉండాడులే" అన్నాడు.

కంబదూరులో షేర్ ఆటో ఎక్కి ఊరు చేరేసరికి పది. ముందు సారు ఇంటికి వెళ్లాను. ఆయన భార్య తిప్పమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. నా పేరు చెప్పబోయాను.

"తెలుసులే. శెనక్కాయ చేని పిల్లవి" అంది. "ఆ పది దినాలూ మా చేన్లో నేనొక్కదాన్నే పీకినా. మూడు నెల్ల బిడ్డను గట్టు మీద పండుకోబెట్టి."

వాళ్ల చేను ఊరికి అవతలి పక్క. అదెవరు పీకారో నేనెప్పుడూ అడగలేదు.

"కోపం రాలేదామ్మా?"

"రాకేం. పదో దినం అన్నం పెట్టలేదు. ఆయప్ప బిందె తీసుకోని బోరింగుకాడికి పోయినాడు. అప్పట్నుంచి ఇంటికి నీళ్లు తెచ్చింది ఆయప్పే. మంచాన పడేదాకా."

సభ బడి ఆవరణలో, షామియానా కింద. సైన్యం గురించి ఇద్దరు, లెక్కల గురించి నలుగురు మాట్లాడారు. నా వంతు వచ్చినప్పుడు రాసుకెళ్లిన కాగితం తీయలేదు. సారు మా చేలో పీకిన సంగతి చెప్పి, ఆ పది రోజులూ తిప్పమ్మ ఏం చేసిందో కూడా చెప్పాను. ముందు వరుసలో ఆమె తలెత్తి చూసింది. నాలుగు వరుసల వెనక నాయన తల దించుకున్నాడు.

సభ అయ్యాక నాయన ఆమె దగ్గరకు వెళ్లి, "మాకు తెల్లేదమ్మా" అన్నాడు.

"ఇప్పుడు తెలిసె కదన్నా. కూచో, అన్నం తిను" అంది.

మూడింటి బస్సుకు తిరుగు ప్రయాణం. వాన లేక దారి పొడవునా పైరు జానెడు ఎత్తులోనే ఆగిపోయింది. సారు మంచితనం గురించి ఇన్నేళ్లూ ఎందరికో చెప్పాను. అందులో సగం కష్టం తిప్పమ్మదని ఈ రోజే తెలిసింది. అది సారుకు ఎప్పుడో తెలుసు. ఆ ఊరు వెళ్లే పాత విద్యార్థులు బడి ఒక్కటే చూసి తిరిగి రాకండి. ఇంటికి వెళ్లి ఆమెతో మాట్లాడండి.