ఎడమవైపు రెక్క

నా చిన్నప్పుడు, నాచారంలో మిల్లు సైరనే అందరికీ గడియారంగా ఉన్న రోజుల్లో, నాకు అప్పగించిన ఒకే ఒక్క పని చేయలేకపోయాను. దాంతో మా ఇంటి బతుకు కూలిపోయింది. చిన్నపిల్లవి, నీకేం తెలుసని ఎవరైనా సర్దిచెప్పబోతే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. పదేళ్ల పిల్లకు అన్నీ తెలుస్తాయి.

నాన్న పోయాక అమ్మా నేనూ మా పెద్దనాన్న ఇంట్లోనే ఉండేవాళ్లం. ఆయన్ని పెద్దబాపు అని పిలిచేదాన్ని. మిల్లులో పనిచేసేటప్పుడు మిషను బెల్టులో పడి ఆయన కుడిచెయ్యి భుజం దగ్గర విరిగింది. ఆ చేత్తో స్టీరింగు పట్టుకోగలడు కానీ చాచలేడు. మిల్లు మానేశాక ఒక పాత కారు కొని టాక్సీగా తిప్పేవాడు. బోడుప్పల్ నుంచి నాగారం దాకా ఎవరికి నొప్పులొచ్చినా, చర్చి దగ్గర పెళ్లికూతుర్ని దించాలన్నా అదే బండి. మా అందరికీ అన్నం పెట్టేది అదే అయినా, అమ్మ మాత్రం దాన్ని ముసలి గేదె అనేది.

ఆ కారుకు ఇప్పటిలా మిణుకుమిణుకుమనే దీపాలు లేవు. మలుపు తిరిగేటప్పుడు, తలుపుల మధ్యనుంచి జానెడు ఇనుప రెక్క బయటికి లేచేది. అందులో పసుపు బల్బు వెలిగేది. అలాంటి పాత కార్లకు రూలు మరీ కఠినమైనదేం కాదు. రెక్క లేవకపోతే డ్రైవరు కుడిచెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, కుడివైపుకైతే చాచి, ఎడమవైపుకైతే గుండ్రంగా తిప్పి చూపిస్తే చాలు. మిగతా పాత బండ్ల వాళ్లంతా అలాగే నెట్టుకొచ్చేవాళ్లు. మా పెద్దనాన్నకు ఆ దారి లేదు. రెక్క లేవకపోతే ఫిట్‌నెస్ కాగితం రాదు, ఆ కాగితం లేకపోతే టాక్సీ నడపడానికి లేదు.

ఆ ఏడాది బండి ఫిట్‌నెస్ పరీక్షకు వారం ముందు ఎడమవైపు రెక్క పాడైంది. లోపలి కాయిల్ కాలిపోయిందని, అలాంటిది ఇక ఎక్కడా దొరకదని మెకానిక్ తేల్చేశాడు. పెద్దనాన్న రెండు రోజులు సరిగ్గా తిండి తినలేదు. మూడో రోజు ఆ రెక్కకు సన్నని నల్లదారం కట్టి, వెనక సీటు దాకా లాగి, కొస నా చేతికిచ్చాడు. తాను దగ్గగానే నేను లాగాలి, మలుపు తిరిగాక వదలాలి. పరీక్షకు మిగిలిన నాలుగు రోజులూ ఇంటి ముందు కారులో కూర్చుని దగ్గడం, లాగడం సాధన చేశాం. అసలు సంగతి తెలియని అమ్మ ఆయనకు మిరియాల కషాయం కాచి ఇచ్చింది. ఆయన కిక్కురుమనకుండా తాగాడు.

పరీక్ష ఉప్పల్‌లో. ఇన్‌స్పెక్టర్ చెడ్డవాడేం కాదు. బయట నిలబడి దీపాలు, హారను, రెక్కలు చూశాడు. పెద్దనాన్న దగ్గాడు, నేను లాగాను, రెక్క లేచింది. తర్వాత ఇన్‌స్పెక్టర్ ముందు సీట్లో కూర్చుని, బండి రోడ్డు మీదికి పోనిమ్మన్నాడు. మొదటి మలుపు బాగానే గడిచింది. రెండో మలుపు దగ్గర ఆయన వెనక్కి తిరిగి, ఏ తరగతి చదువుతున్నావని నన్ను అడిగాడు. సరిగ్గా అప్పుడే పెద్దనాన్న దగ్గాడు. ఇన్‌స్పెక్టర్ కళ్లు నా మీదే ఉన్నాయి. లాగితే దొరికిపోతామని భయమేసింది. లాగలేదు. ఐదో తరగతి సార్ అన్నాను.

కారు ఎడమకు తిరిగింది. నేరుగా పోతుందనుకుని పక్కనే వస్తున్న సైకిలతను వచ్చి తలుపుకు గుద్దుకుని పడ్డాడు. మిల్లు కార్మికుడు. మోకాలు చీరుకుపోయింది, టిఫిన్ డబ్బా తెరుచుకుని జొన్నరొట్టె మట్టిపాలైంది. ఇన్‌స్పెక్టర్ దిగి, కళ్లు కనబడవా అని అతణ్నే కసిరాడు. అతను చేతులు జోడించి, తానే చూసుకోలేదన్నాడు. పెద్దనాన్న నోరు మూసుకుని ఉంటే కాగితం వచ్చేసేదే.

“ఆయన తప్పేం లేదు సార్. రెక్క లేవలే. అది ఖరాబైంది, దారం కట్టి తీస్కొచ్చిన.”

ఇన్‌స్పెక్టర్ రెక్క దగ్గరికి వచ్చి వంగి చూశాడు. చివరికి మెత్తగా, పాత బండే కదా, చేత్తో చూపిస్తే రాసిస్తానన్నాడు. పెద్దనాన్న మళ్లీ డ్రైవరు సీట్లో కూర్చుని, కిటికీ మీద మోచెయ్యి ఆనించి, చెయ్యి చాచబోయాడు. రాలేదు. మూడుసార్లు ప్రయత్నించాడు. నుదుటి మీంచి చెమట కారుతోంది. ఇన్‌స్పెక్టర్ మొహం పక్కకు తిప్పుకుని కాగితం మడిచేశాడు.

సైకిలతన్ని దవాఖానాలో దించడమే ఆ టాక్సీ చివరి కిరాయి. ఇంటికొచ్చాక పెద్దనాన్న అమ్మకు అంతా చెప్పాడు, ఒక్కటి తప్ప. దారం తెగిందన్నాడు. తెగని దారం అప్పటికీ నా గుప్పిట్లోనే ఉంది. కారు పాత ఇనుముకు పోయింది. ఆయన మిల్లు గేటు దగ్గర సైకిళ్లకు కాపలా కూర్చున్నాడు. నన్ను బడి మాన్పించి అమ్మ తనతోపాటు ఇళ్లలో పనికి తీసుకెళ్లింది. పాడు దారం మా కొంప ముంచిందని బతికినన్నాళ్లూ తిట్టుకుంది.

ఆయన మంచం పట్టాక ఒకరోజు ఏడ్చుకుంటూ చెప్పేశాను.

“పెద్దబాపూ, దారం తెగలే. నేనే లాగలే.”

“నాకెర్కే బిడ్డా. మీ అమ్మకు మాత్రం చెప్పకు.”

అమ్మకు చెప్పలేదు. ఆమె కూడా పోయింది. నా పిల్లలో, మనవలో ఏదైనా పాడుచేసి బిక్కమొహం వేసుకుని నిలబడితే, పోన్లే, దారం తెగిందిలే అంటాను. వాళ్లకు అర్థం కాకపోయినా ఊపిరి పీల్చుకుంటారు. ఆ మాట నాకు నేను చెప్పుకుందామని చాలాసార్లు చూశాను. ఇంతవరకూ నా వల్ల కాలేదు.