లాగే అంటే లాగెయ్ కాదు

మా ఆయన కుడి చెయ్యి విరిగిందని రైల్వే వర్క్‌షాపు నుంచి కబురొస్తే, నేను పొయ్యి మీది చేపల పులుసు దింపి, మూత పెట్టి, చీర మార్చుకుని మరీ బయల్దేరినాను. అంత తొందరేటి? ఆ చెయ్యి సంగతి నాకు తెలీదేటి? పులుసులో ఉప్పు తక్కువైతే లేచింది ఆ చెయ్యే. కూతురు ఎదురు చెప్తే నా మీదకి లేచింది ఆ చెయ్యే. నా ఎడమ కనుబొమ్మ మీద కుట్ల మచ్చ ఉంది, అదీ దాని పనే.

బోగీ మీంచి జారి పడ్డాడట. భుజం కింద ఎముక విరిగింది. వారాల తరబడి చెయ్యి మెడకి వేలాడింది. నా ఒంటికి దొరికిన సెలవులు అవే, అబద్ధం ఎందుకు చెప్పాలి? కట్టు విప్పేసరికి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి నడుము దాటి లేవదు. "ఇలగే ఉండిపోతే ఫిట్టరు పని పీకేసి నన్ను ఏ స్టూలు మీదో కూకోబెడతారే" అని పెద్దగా ఏడ్చినాడు.

ఖరిదా పేటలో ఫిజియోథెరపీ చేసే దీదీ దగ్గరికి తీసుకెళ్ళినాను. బెంగాలీ పిల్ల, మా అమ్మాయి వయసుంటది. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, ఎముక అతికింది గానీ కీలు బిగిసిందంది. "రోజూ ఇంట్లో నువ్వే చెయ్యించాలి మాసీ" అని నాకే అప్పజెప్పింది. ముందుకి వంగి చేతిని ఉయ్యాలలాగ ఊపాలి. గోడ మీద వేళ్ళతో పైకి పాకి, అందినకాడ సుద్దముక్కతో గీత గియ్యాలి. ఆఖర్న ఆయన వెల్లకిలా పడుకుంటే నేను మోచెయ్యి పట్టుకుని మెల్లగా తల వైపు లేపాలి. "ఈయన లాగే అంటే ఆపెయ్" అంది దీదీ. బెంగాలీలో లాగే అంటే నొప్పెడతందని.

అది నాకు తెలీక కాదు. ఈ బెంగాలీ ఊళ్ళోనే పుట్టినదాన్ని, న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో పెరిగినదాన్ని. బెంగాలీ నాకు తెలుగుతో పాటే వచ్చింది.

మూడో రోజు సాయంత్రం చెయ్యి లేపుతుంటే తిట్టడం మొదలెట్టినాడు. "మెల్లగా లేపవే, గేదె! ఈ చెయ్యి బాగుపడనీ, నీ పని చెప్తాను!"

ఈ చెయ్యి! నేను లేపుతున్న ఈ చెయ్యి! నా ఒంట్లో ఏదో సర్రున కాలింది. మంచం పట్టీకి మోకాలు తన్ని పెట్టి లాగినాను. "లాగే! లాగే!" అని అరిచినాడు. "లాగమనే కదా అంటున్నావు" అని ఇంకా లాగినాను. గొంతు చిరిగేలాగ అరిచినాడు. పక్క క్వార్టర్ల వాళ్ళు కిటికీలు తెరిచినారు. నా అరుపులకి ఒక్కనాడూ తెరుచుకోని కిటికీలవి. నాకు సంతోషమేసింది. సిగ్గు కూడా పడలేదు.

తెల్లారేసరికి భుజం బూరెలాగ పొంగింది. గోడ మీద గీత జానెడు కిందకి దిగిపోయింది. దీదీ ఏమయిందని అడిగితే, "మా తెలుగులో లాగే అంటే లాగెయ్ అన్నట్టుంటది దీదీ" అన్నాను. పకపకా నవ్వింది. నవ్వుతూనే నా కనుబొమ్మ చూసింది. ఇంక నవ్వలేదు.

ఆయన్ని బయట బల్ల మీద కూకోబెట్టి నాతో మెల్లగా చెప్పింది. "జోరు చేస్తే ఒళ్ళు భయపడిపోతుంది మాసీ. భయపడ్డ ఒళ్ళు ఇంకా బిగుసుకుంటుంది. నొప్పి మొదలైన చోట ఆగు. పది లెక్కపెట్టు, దింపెయ్. లెక్క ఆయన పెట్టకూడదు, నువ్వే పెట్టాలి. నువ్వు పది అనేదాకా ఆయన చెయ్యి దింపకూడదు."

దారంతా నా భుజాలు చూసుకున్నాను. ఎప్పుడు చూసినా చెవుల దాకా ముడుచుకునే ఉంటాయి.

ఇంక బుద్ధిగా చేయించినాను. ఆయన మీద ప్రేమ పొంగిపోయి కాదు. స్టూలు మీద కూకోబెట్టినా, ఇంటికి పంపేసినా ఆ కడుపుమంటంతా నా మీదే కదా! రోజూ ఆగడం, పది లెక్కపెట్టడం, దింపమనడం. గీత పైకి పాకింది. నేను ఆ గోడకి ఆనుకుని కొలుచుకునేదాన్ని. నా నడుము దాటింది. ఛాతీ దాటింది. ఒకనాడు సరిగ్గా నా చెంప ఎత్తుకొచ్చింది. ఆ రోజు అన్నం తినలేకపోయినాను.

చెయ్యి చెవి దాటి లేచింది. డాక్టరు ఫిట్ అని రాసిచ్చినాడు. మళ్ళీ వర్క్‌షాపులో పనికెక్కినాడు. దీదీకి మిఠాయి కూడా ఇచ్చినాడు.

మొదటి ఆదివారం మధ్యాహ్నమే కంచం ఎగిరింది. మాంసం ఉడకలేదట. లేచినాడు. నేను వెనక్కి వెనక్కి జరిగి సుద్దగీతల గోడకి కొట్టుకున్నాను. కుడి చెయ్యి పైకి లేచింది. నేను లేపిన చెయ్యి!

ఎప్పట్లాగే మొహానికి చేతులు అడ్డం పెట్టుకోబోయినాను. నోట్లోంచి ఇంకో మాట వచ్చేసింది.

"మోచెయ్యి వంచకు. ఇంకా పైకి. ఒకటి!"

నిలబడిపోయినాడు. చెయ్యి గాల్లోనే ఉంది.

"రెండు!" క్వార్టర్లన్నీ వినేలాగ అరిచినాను. "మూడు! నాలుగు!"

కిటికీలు తెరుచుకున్నాయి. ఏడు దగ్గర ఆయన భుజం వణకడం మొదలెట్టింది. ఎనిమిది దగ్గర "లాగే" అన్నాడు, చిన్నగా. నేను ఆపలేదు. తొమ్మిది దగ్గర కొంచెం ఆగినాను కూడా.

"పది. దింపు."

దింపినాడు.