కోత పండుగ రసాల బుట్ట

మా చర్చిలో కోత పండుగ మామిడికాయ దిగాకే చేస్తాం. పొద్దున ఆరాధన, మధ్యాహ్నం భోజనాలు, ఎండ చల్లబడ్డాక తోట పక్క ఖాళీ జాగాలో చాట్రాయి చర్చి వాళ్ళతో కబడ్డీ. గెలిచిన జట్టు కెప్టెన్ ఆ ఏటి మొదటి చిన్నరసాల బుట్ట నెత్తిన పెట్టుకుని, ఊరంతా చూస్తుండగా చర్చిలోకి నడిచి పుల్పిట్ ముందు దించాలి. అయ్యగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. నాకు సొంత తోట లేదు, ఊళ్ళో పెద్దరికం లేదు. ఏళ్ల తరబడి ఆ బుట్ట మోసేది మాత్రం నేనే.

ఈసారి పండక్కి మా చిన్నాన్న కొడుకు దిగాడు. వాడికి కబడ్డీయే ఉద్యోగం. టీవీలో వచ్చే పెద్ద జట్టుకి కెప్టెన్. వాడికి కూత నేర్పింది ఎవరు? నేను. ముక్కు తుడిచి, జారిపోయే లాగు పైకి లాగి, గీత దాటించింది నేను. హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగితే బండెక్కించుకుని తెచ్చింది కూడా నేనే. అక్కడ జ్యూస్ కొట్టు దగ్గర జనం మూగారు. ఒకాయన నా చేతిలో ఫోన్ పెట్టి, "కాస్త అటు జరిగి ఒక ఫోటో తియ్యండి బాబూ" అన్నాడు. తీశాను. మావాడి తల సగానికి కోసేసి మరీ తీశాను.

"ఏరా, పెద్దోడివైపోయావ్!" అన్నాను బండి మీద.

"నీ ముందా అన్నయ్యా?" అని నవ్వాడు. పొగరుగా ఒక్క మాటన్నా హాయిగా తిట్టుకునేవాణ్ణి. ఆ అవకాశమూ ఇవ్వడు! మోకాలు కాస్త నొప్పిగా ఉందనీ, పండక్కి ఆడటం మాత్రం మాననీ చెప్పాడు.

పండుగ రోజు భోజనాల దగ్గర ఎవరి నోట విన్నా వాడి మాటే. ఆఖరికి మా ఆవిడ కూడా వాడికి బంగినపల్లి ముక్కలు కోసిపెడుతూ, "ఈసారి బుట్ట నువ్వే మొయ్యాలయ్యా" అంది. నేనక్కడే ఉన్నాను. నాకు టెంక పెట్టింది.

సాయంత్రం మా కుర్రాళ్ళు వాడి చుట్టూ చేరి, "అన్నా, నువ్వే కెప్టెన్‌గా ఉండు" అన్నారు. వాడు తల అడ్డంగా ఊపాడు. "కెప్టెన్ అన్నయ్యే. నన్ను ఎక్కడ ఉండమంటే అక్కడ ఉంటా."

అంటే నా కెప్టెన్సీ నాకే దానం చేస్తున్నాడన్నమాట! "అయితే బయట కూర్చో. మోకాలు నొప్పన్నావుగా" అన్నాను. కుర్రాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. వాడు మాత్రం "సరే అన్నయ్యా" అని, నీళ్ళ క్యాను పక్కన గోనెపట్టా మీద కూర్చున్నాడు.

ఆట మొదలైన కాసేపటికే మేం వెనకబడ్డాం. నేను కూతకి వెళ్తే చాట్రాయి ఎడం మూలవాడు కాలు పట్టి పడేశాడు. అవుటై వచ్చి మావాడి పక్కన కూలబడ్డాను. ఇప్పుడడుగుతాడు, తనని బరిలోకి దింపమని. అడిగితే వద్దనడానికి మాట కూడా సిద్ధం చేసుకున్నా. అడగడే! గ్లాసులో నీళ్ళు పోసిచ్చి, నెమ్మదిగా అన్నాడు: "ఆ మూలవాడు కాలు పట్టేముందు ఒకసారి కిందకి చూస్తున్నాడు అన్నయ్యా. అప్పుడు భుజం మీద తట్టి వచ్చెయ్."

లోపల మా జట్టులో చిన్నవాడు బిక్కచచ్చిపోయి ఉన్నాడు. ఆట మొదలైనప్పటి నుంచీ నేను వాణ్ణి తిడుతూనే ఉన్నాను. మావాడు కూర్చున్నచోటి నుంచే, "పోతే పోయిందిరా, నీ కూత బావుంది, వెళ్ళు!" అని కేకేశాడు. అంతే. ఆ చిన్నవాడు వెళ్ళి ఒకణ్ణి ముట్టుకుని వచ్చాడు. నేను మళ్ళీ లోపలికొచ్చాను.

స్కోరు సమమయ్యాక, చివరి కూత నాది. మూలవాడు కిందకి చూశాడు. తట్టాను. వాడు నా కాలి కోసం దూకి బోర్లాపడ్డాడు, నేను గీత మీద పడ్డాను. గెలిచాం!

కుర్రాళ్ళు అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చారు. చేతులు చాపాను. నన్ను దాటుకుని గోనెపట్టా దగ్గరికి వెళ్ళి, అసలు బరిలోకే దిగనివాణ్ణి భుజాల మీదకెత్తారు. వాడు కిందకి జారి, నా వైపు చూపించి, "మోయాల్సింది ఆయన" అన్నాడు. తనే బుట్ట ఎత్తి నా నెత్తిన పెట్టి, "పద అన్నయ్యా" అన్నాడు.

నడిచాను. అందరూ చప్పట్లు కొట్టారు, మా ఆవిడ కూడా. చర్చి మెట్ల దగ్గర, బుట్ట ఒరగకుండా మెల్లగా వెనక్కి తిరిగాను. ఊరు చూస్తోందా అని కాదు. వాడు చూస్తున్నాడా అని.

వాడు చూడట్లేదు. నా కాలి కోసం దూకి పడ్డ ఆ చాట్రాయివాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మజ్జిగ టబ్బులోని ఐసు గుడ్డలో చుట్టి చీలమండకి పెడుతున్నాడు. ఏదో చెబుతున్నాడు. ముందు తన కళ్ళు చూపించాడు, తర్వాత నేల చూపించి, వద్దన్నట్టు వేలు ఊపాడు. ఆ కుర్రాడు ఏడుపు మానేసి తలూపుతున్నాడు.

అది నాకు చెప్పిన మాట! నా ఒక్కడికే చెప్పాడనుకున్న మాట! ఓడిపోయి కాలు బెణికి కూర్చున్న ఆ కుర్రాడి మీద కుళ్ళుకుంటూ, గెలిచిన బుట్ట నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాను.