పొదిగే పెట్టెలో ముప్పై ఆరు ఓములు

కాయిల్ పెద్దాయన అంటే ఆ వీధుల్లో తెలియనివారు లేరు. చదివింది పల్లె బడిలో ఐదో తరగతి దాకానే. అయితేనేం, పిండిమిల్లు మోటారు కాలిపోతే తీగ చుట్టి మళ్లీ తిప్పిన చెయ్యి ఆయనది. సినిమాహాలు పంకాలు ఇన్నేళ్లూ తిరిగాయంటే ఆయన చలవే. కాలిన మోటారు ఆయన గుమ్మం ఎక్కిందంటే తిరక్కుండా దిగేది కాదు.

అంతటి మనిషి ఆ మధ్యాహ్నం చెల్లెలి కోళ్ల షెడ్డులో గొంతుక్కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. గుడ్లు పొదిగే పెట్టెలో హీటర్ కాయిల్ తెగింది. పొదిగే గడువు చివరికొచ్చింది, కొన్ని పెంకులు అప్పటికే చిట్లాయి. చల్లబడితే పిల్లలు లోపలే పోతాయి.

తెగిన కొసలు మెలిపెట్టి చూశాడు. లైన్లో వోల్టేజీ నూట ఎనభై దాటడం లేదు, వేడి చాలడం లేదు. లో వోల్టేజీకి అందరూ చేసే పనే ఆయనా చేశాడు. కాయిల్ కొంత కత్తిరించి పొట్టి చేశాడు. తీగ పొట్టిదైతే అడ్డు తగ్గి కరెంటు ఎక్కువ పారుతుంది. థర్మామీటరు కావలసిన గీత దాకా ఎక్కింది.

"చూశావా! మీ అన్నయ్య చెయ్యి పడితే..."

"సరేలే, పిల్లల్ని బయటికి రానీ. నీ గొప్పలు వాటికీ వినిపిద్దువు గానీ" అంది చెల్లెలు.

అంతలో రోడ్డు మీంచి లైన్‌మన్ కేకేశాడు. "అక్కా! కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేశాం. ఇంకాసేపట్లో రెండొందల నలభై వచ్చేస్తుంది. మీ ఫ్యాన్లు ఎగిరిపోకుండా పట్టుకోండి!"

పెద్దాయన గొప్పలు మానేసి పెట్టె మీదికి వంగాడు. మీటరు పెట్టి చూస్తే కరెంటు ఐదు ఆంపియర్లు. సుద్దముక్క తీసి గచ్చు మీద గీకాడు. నూట ఎనభైని ఐదుతో భాగిస్తే కాయిల్ అడ్డు ముప్పై ఆరు ఓములు. నూట ఎనభైని ఐదుతో హెచ్చిస్తే తొమ్మిది వందల వాట్లు. వోల్టేజీ పెరిగినా కాయిల్ ముప్పై ఆరు ఓములే. రెండొందల నలభైని దానితో భాగిస్తే ఆరు ఆంపియర్ల పైమాటే. వాట్లు చూస్తే పదహారు వందలు!

"వేడెక్కితే ఆపుతూ వేస్తూ ఉంటాలే అన్నయ్యా."

"పిచ్చిదానా, ఈ స్విచ్చు ఐదు ఆంపియర్లదే! వైరు చూస్తే వెంట్రుకంత. కాలిందంటే షెడ్డే అంటుకుంటుంది."

"మరి కత్తిరించింది మళ్లీ అతికించు!"

కాలి కాలి పెళుసెక్కిన ఆ ముక్కను పట్టుకోగానే పుటుక్కుమని విరిగి రాలింది. ఆయన మళ్లీ లెక్కలో పడ్డాడు. రెండొందల నలభైలో తొమ్మిది వందల వాట్లు రావాలంటే నాలుగుకు కాస్త తక్కువ ఆంపియర్లు పారాలి. అంటే అరవై నాలుగు ఓములు కావాలి. ఇరవై ఎనిమిది తక్కువ.

"వంటింట్లో కరెంటు పొయ్యి ఎంత?"

"రెండు వేల వాట్లు. దాంతో నీకేం పని?"

రెండు వేలను రెండొందల నలభైతో భాగించి, వచ్చినదానితో మళ్లీ రెండొందల నలభైని భాగించాడు. ఇంచుమించు ఇరవై తొమ్మిది ఓములు!

"తీసుకురా, పరుగెత్తు!"

"రాత్రికి వంటో?"

"పస్తుందాం!"

స్విచ్చు ఆపేసి, పొయ్యి కాయిల్ ఊడదీసి పెట్టెలోకి చేర్చి, పాతదాని కొసకు కొస కలిపి బిగిస్తుండగా షెడ్డులో బల్బు తెల్లగా వెలిగింది. పైన పంకా రయ్యిమంది. గుడ్లు అప్పటికే చల్లారి గోరువెచ్చగా మిగిలాయి. ఆయన స్విచ్చు వేశాడు. మీటరు ముల్లు నాలుగు దాటలేదు. చెల్లెలు స్విచ్చు మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడింది.

"కాలడం లేదు" అంది మెల్లగా.

థర్మామీటరు గీత దాకా పాకి ఆగింది. అద్దం అవతల చిన్న ముక్కు ఒకటి పెంకు పొడిచి, ఆగి, మళ్లీ పొడిచింది. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు.