షిజుయో గడ్డి బట్టీ

షిజుయోకు అరవై ఏడేళ్ళు. జపాన్‌లో, క్యూషూ కొండల మీద ఆవులు మేపుకునే ఇంటికి కోడలై వచ్చింది. భర్త పోయాక ఆవుల్ని అమ్మేసింది కానీ, ఉమ్మడి బీళ్ళలో రెల్లు కోసుకునే హక్కు మాత్రం వదులుకోలేదు. కోసిన రెల్లును ఇనప పీపాల్లో కుక్కి, మూత బిగించి, గాలి ఆడకుండా సెగ పెట్టేది. గడ్డి బూడిద కాకుండా బొగ్గయ్యేది. పొగ వెదురు గొట్టంలోంచి పోతూ చల్లబడి, గోధుమరంగు నీళ్ళై కుండలోకి కారేది. మా ఊళ్ళో సగం ఇళ్ళ పొయ్యిల్లోకి ఆమె బొగ్గుముద్దలే. టమాటా మళ్ళలోకి ఆమె బొగ్గుపొడే. పురుగు పడితే ఆ పొగనీళ్ళే బాగా పలచన చేసి చల్లుకునేవాళ్ళం.

మూడేళ్ళ కిందట టౌను ఆఫీసు నుంచి ఎగషిరా అనే అధికారి, హిరకావ అనే ఇంజనీరును వెంటబెట్టుకుని వచ్చాడు. రెండు రోజులు ఆమె వండిన అన్నం, మిసో పులుసు తిని, అడగని ప్రశ్న లేదు.

"పచ్చగా ఉన్నప్పుడు కొయ్యొద్దు బాబూ. మంచు కొట్టాలి, వాన కడగాలి, మళ్ళీ ఎండాలి. అప్పుడు జనవరిలో కొయ్యి. పచ్చిదాంట్లో ఉప్పుంటుంది. సెగకి కరిగి పొయ్యిలో గాజులా అతుక్కుంటుంది."

హిరకావ పుస్తకంలో రాసుకున్నాడు. పక్కింటివాణ్ణి కదా, నేనక్కడే ఉన్నాను.

ఏడాది తిరిగేసరికి కొండ కింద కర్మాగారం లేచింది. గడ్డి నుంచి బొగ్గు, నూనె, గ్యాసు తీస్తారట. అదే వారం షిజుయో తలుపుకు నోటీసు అంటించారు: పీపాల పొగ నిబంధనలకు విరుద్ధం, వెంటనే ఆపాలి, ఉమ్మడి రెల్లంతా ఇక కర్మాగారానికే. ఆమె ఆ కాగితం పీకి నేరుగా ఆఫీసుకు వెళ్ళింది.

"నా పొగ విషమూ, మీ పొగ పన్నీరూనా?"

"అలా కాదు షిజుయో గారూ, మాది శాస్త్రీయ పద్ధతి," అన్నాడు ఎగషిరా.

"ఆ శాస్త్రం నా వంటింట్లో కూర్చుని నేర్చుకుందేగా! పులుసు బాగుందని రెండోసారి కూడా పోయించుకున్నావు."

గుమాస్తాలు తలలు వంచుకుని నవ్వారు. నోటీసు మాత్రం కదల్లేదు.

ప్రారంభానికి పెద్దవాళ్ళు వస్తారని ఆగస్టులోనే పచ్చి రెల్లు కోయించి, యంత్రాలతో ఎండబెట్టారు. మూడో వారానికి కొలిమి బిగుసుకుపోయింది. లోపల ఆకుపచ్చ గాజుగడ్డలు! ఊరి సమావేశంలో ఎగషిరా లేచి, "రైతులు మట్టి కలిసిన గడ్డి తెచ్చారు, బాధ్యత వాళ్ళదే," అన్నాడు. మండుటెండలో నడుం విరిగేలా కోసినవాళ్ళకు ఆ మాట ఎంత మంట పుట్టించిందో చెప్పలేను.

షిజుయో లేచింది. ఈసారి 'గారూ' లేదు.

"ఏయ్ ఎగషిరా! నీ ఇంజనీరు పుస్తకం తెరవమను. పచ్చిది కొయ్యొద్దన్నానా, లేదా?"

హిరకావ లేచి ముందుకొచ్చాడు. తర్వాత పుస్తకం తెరిచి, తను రాసుకున్న ఆ మాటల్నే పైకి చదివాడు.

"చెప్పారు. నేను పైవాళ్ళకు చెప్పాను. వినలేదు."

"వినకపోతే అందరి ముందూ అనాల్సింది! మా నెత్తిన మట్టి పోస్తుంటే నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?"

అతను వంగి క్షమాపణ అడిగాడు. ఎగషిరా వంగలేదు.

ఆ జనవరిలో ఆమె చెప్పినట్టే కోశారు. కొలిమి నడిచింది. నోటీసు రద్దయిందని ఒక చిన్న కాగితం పోస్టులో వచ్చింది, అంతే.

వసంతంలో మళ్ళీ సభ పెట్టి ఆమెకు పత్రం ఇచ్చారు. 'సహకరించినందుకు ధన్యవాదాలు' అని ఉంది. ఆమె అందరికీ వినబడేలా చదివింది. బల్ల మీది కలం తీసుకుని 'సహకరించినందుకు' కొట్టేసి, పైన 'నేర్పినందుకు' అని రాసి, ఎగషిరా ముందు పెట్టింది.

"దిద్దిన చోట ముద్ర వెయ్యి. లేకపోతే చెల్లదంటారు మళ్ళీ."

ఊరంతా చూస్తోంది. చెవులు ఎర్రబడగా, అతను జేబులోంచి సంతకానికి బదులు వాడే తన పేరు ముద్ర తీసి వేశాడు.